ఇప్పటికి శాంతము

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. వరిగేడు మున్సిపల్ పార్కు గేటు దగ్గర పనిచేసే భూలక్ష్మికి కీడు ఎంచడం పూర్తయ్యేసరికే పొద్దుగూకిపోయేది. మేలు ఎంచడానికి ఏనాడూ తీరిక చిక్కలేదు. కూతురు నీలిమ దగ్గితే క్షయ అనుకునేది, తుమ్మితే న్యుమోనియా అనుకునేది, ఏమీ చేయకుండా కూర్చుంటే లోపల ఏదో ముదురుతోందని హడలిపోయేది. కుక్కరు రెండో కూత వేసేలోగా ఆవిడ వీధిలో ఉండేది. మొగుడు వీరాస్వామి ఆటో తీసుకుని బయల్దేరితే, తిరిగొచ్చేదాకా ఆవిడ చెవులు రోడ్డు మీదే ఉండేవి.

అలాంటి మనిషి కాపలా ఉన్న పార్కులోకి హంసను తెచ్చి వదిలారు.

ఆ ఏడాది రాష్ట్రంలోని పట్టణాలన్నిటికీ ఆనందం పోటీ పెట్టారు. ఏ ఊరు ఎంత ఆనందంగా ఉందో చూసి మార్కులు వేస్తారట. జనం నవ్వుతున్నారా లేదా అన్నదానికి మార్కులు లేవు. పార్కులో కొలనుంటే అయిదు, కొలనులో హంసల జంట ఉంటే పదిహేను. కమిషనర్ పరాంకుశం గారు ఆ కాగితం చూసిన పూటే హంసల జంట కావాలని పైకి రాశారు. కొన్నాళ్ళకు ఒక చెక్కపెట్టె వచ్చింది. అందులో హంస ఒకటే ఉంది. రెండోది దారిలో ఎక్కడ దిగిపోయిందో ఎవరూ చెప్పలేకపోయారు.

కాగితం మీద జంట, కొలనులో ఒంటరి. ఇలాంటి చిక్కులు విప్పడానికే ఆఫీసులో సూపరింటెండెంటు శేషావతారం గారున్నారు. ముప్పై ఏళ్ళ సర్వీసు ఆయనది. గట్టు మీద నిలబడి కాసేపు తేరిపార చూసి, "నీటి మీద ఒకటి, నీటిలో ఒకటి, వెరసి రెండు" అని రాశారు. మబ్బు పట్టిన రోజుల్లో తనిఖీకి రావద్దని ఒక విన్నపం కూడా జతపరిచారు.

ఊళ్ళో జనం హంసను అంతకు ముందు చూసింది ఇత్తడి దీపాల మీద, పెళ్ళిపత్రికల మీద, సరస్వతీదేవి పటంలో. చదువుల తల్లిని మోసే పక్షి కదా, సాధువై ఉంటుందనుకున్నారు. మొదటి వారంలోనే ఒక రిటైర్డు మాస్టారు గిన్నెలో పాలూ నీళ్ళూ కలిపి పెట్టి, "చూడండర్రా, ఎలా వేరు చేస్తుందో!" అని పిల్లల్ని పోగేశారు. హంస గిన్నెను బోర్లించి, మాస్టారి మోకాలు పొడిచి, హుందాగా నీళ్ళలోకి దిగిపోయింది. మాస్టారినీ పార్కునీ మాత్రం శాశ్వతంగా వేరు చేసింది.

అలాగని అది ఎప్పుడూ కోపంగానే ఉంటుందా అంటే, ఉండదు. సోమవారం గొడుగు కనిపిస్తే బుసకొట్టి మీదికొచ్చేది. మంగళవారం అదే గొడుగు నీడలో కూర్చుని కునుకు తీసేది. గేటు పక్కనుంచి బ్యాండుమేళం వెళ్ళినా తల తిప్పేది కాదు, ఎవరో పమిట చాటున తుమ్మితే రెక్కలు విప్పి వెంటపడేది. మరమరాలు పెట్టిన చేతిని కరిచి, పెట్టని వాడి కాళ్ళ దగ్గర ఒదిగి కూర్చునేది.

"గోదారి వరదైనా రేపు ఎంత పెరుగుద్దో రేడియోలో చెప్తారండి. దీని కోపం ఎవరూ చెప్పలేరండి" అనేది భూలక్ష్మి, వాకింగుకు వచ్చిన వాళ్ళందరితోనూ. వాళ్ళు నవ్వి వెళ్ళిపోయేవాళ్ళు.

కొలను ప్రారంభోత్సవం నాడు ఆ నవ్వు ఆగింది. పై నుంచి వచ్చిన ఒక పెద్దాయన మైకు ముందు నిలబడి, "ఈ హంసలాగే మన పట్టణం కూడా ప్రశాంతతకు మారుపేరు కావాలి" అన్నారు. ప్రశాంతత అన్న మాట మైకులో ఇంకా మోగుతుండగానే హంస గట్టెక్కి, ఆయన పట్టు కండువా అంచు ముక్కున కరుచుకుని, కొలను దిక్కుగా లాగడం మొదలుపెట్టింది. కండువాకు పిన్నీసు పెట్టి ఉంది కాబట్టి పెద్దాయన కూడా వెంట వెళ్ళారు. మోకాలి లోతు దాకా.

మూడో రోజు పొద్దున్నే ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. శేషావతారం గారు స్వయంగా గేటు దగ్గర నిలబడి గొంతు సవరించుకుని చదివారు.

"పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, పార్కు కొలను నందు గల హంస, బ్రాకెట్లో జంట, యొక్క స్వభావమును ప్రతి దినము ఉదయము అయిదు గంటలకు పరిశీలించి, రిజిస్టరు నందు శాంతము అని ధ్రువీకరించిన మీదట మాత్రమే ప్రజలను లోనికి అనుమతించవలెను. ధ్రువీకరించిన వ్యక్తియే తదుపరి పరిణామములన్నిటికీ వ్యక్తిగతముగా బాధ్యత వహించవలెను."

"ధ్రువీకరించేది ఎవరండి?" అంది భూలక్ష్మి. అడుగుతుండగానే జవాబు ఆవిడకు తెలిసిపోయింది.

అంతకు ముందే ఆ బాధ్యత చాలా చోట్లకు వెళ్ళొచ్చింది. పశువుల డాక్టరు రత్నం గారు, "నా చదువు జ్వరం దాకేనండి. కోపం రోగం కాదు, గుణం" అని రాసి పంపేశారు. పారిశుధ్య విభాగం వారు కోపం చెత్త కిందికి రాదన్నారు. ఇంజినీరు గారు కొలను లోతుకు పూచీ పడతాను గాని పక్షి లోతుకు పడనన్నారు. పల్లమెరిగిన నీరులాగా బాధ్యత మెట్టూ మెట్టూ దిగి, చివరకు గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న అవుట్‌సోర్సింగ్ మనిషి ఒళ్ళో పడింది.

రిజిస్టరులో మూడు గడులు: శాంతము, మధ్యస్థము, ఉగ్రము. పక్కన సంతకం.

మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి భూలక్ష్మి కొలను గట్టున నిలబడింది. హంస నీళ్ళ మధ్య తెల్ల తామరలాగా ఉంది. చూడడానికి శాంతమే. కానీ కండువా లాగక ముందు కూడా ఇలాగే ఉంది కదా! సంతకం పెట్టాక అది ఎవరినైనా పొడిస్తే? పొడిస్తే కేసు. కేసైతే తనకు జైలు. తల్లి జైల్లో ఉంటే కూతురికి పోలీసు ఉద్యోగం ఇస్తారా?

అసలు సంగతి అదీ. నీలిమ కానిస్టేబులు పరీక్ష రాసింది, పాసైంది. ఇక పరుగు మిగిలింది. పదహారు వందల మీటర్లు పది నిముషాల ముప్పై సెకన్లలో పూర్తి చెయ్యాలి. కొలను చుట్టూ ఉన్న బాట సరిగ్గా నాలుగు వందల మీటర్లు. నాలుగు చుట్లు పూర్తయ్యేసరికి ఆ పిల్లకు పది నిముషాల యాభై సెకన్లు పడుతోంది. ఇరవై సెకన్ల కోసం మూడు నెలలుగా పాట్లు పడుతోంది. కాలేజీ గ్రౌండులో ఎగ్జిబిషన్ వేశారు. రోడ్డు మీద పరుగంటే భూలక్ష్మి లారీలు లెక్కపెట్టేది, కాలవగట్టు మీదంటే కాలవలో పోయినవాళ్ళ పేర్లు చెప్పి ఏడ్చేది. కళ్ళెదురుగా ఉంటుందని పార్కు బాట ఒక్కదానికే ఒప్పుకుంది.

ఆవిడ పెన్ను పట్టుకుని, దణ్ణం పెట్టుకుని, గుండ్రటి అక్షరాలతో రాసింది: "ఇప్పటికి శాంతము. తరవాత సంగతి చెప్పలేము."

శేషావతారం గారు చూసి తల పట్టుకున్నారు. "చెప్పలేము అన్న గడి లేదు గదా భూలక్ష్మీ!"

"లేకపోతే కొట్టించండి బాబూ. ఉన్నది అదే కదండి."

"గడి కొట్టించాలంటే పైనుంచి అనుమతి రావాలి. అందాకా శాంతమా, కాదా? ఒక్క మాట!"

"అది నీళ్ళలో ఉన్నంతసేపూ శాంతమేనండి. గట్టెక్కితే దాని ఇష్టమండి. గట్టెప్పుడెక్కుద్దో దానికే తెలీదండి, నాకేం తెలుసండి?"

ఒక్క మాట రాలేదు. గేటు తెరుచుకోలేదు. అలా పదకొండు రోజులు.

ఉద్యోగం ఊడుతుందనే అనుకుంది భూలక్ష్మి. పన్నెండో రోజు కమిషనర్ గారి పిలుపు వస్తే దేవుడి పటం ముందు పసుపుబొట్టు పెట్టుకుని మరీ వెళ్ళింది. పరాంకుశం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"రావమ్మా. పదకొండు రోజుల్లో హంస సంబంధిత సంఘటనలు ఎన్ని?"

"గేటే తియ్యలేదు కదండి. లేవండి."

"లేవు! నిల్!" ఆయన బల్ల చరిచారు. "రాష్ట్రంలో ఏ హంసకీ ఇంత మంచి రికార్డు లేదు. భద్రత పద్దు కింద మనకి పదికి పది మార్కులు. ఈ ముందుచూపు ఒక్క పార్కుకే పరిమితం కావడం పురపాలక సంఘానికి తీరని అన్యాయం."

సాయంత్రానికల్లా ఇంకో ఉత్తర్వు వచ్చింది. భూలక్ష్మిని ముందస్తు కీడు అంచనా విభాగానికి బాధ్యురాలిని చేశారు. విభాగంలో ఆవిడొక్కతే. పట్టణంలోని మున్సిపల్ స్థలాలన్నీ తిరిగి, ఎక్కడ ఏ కీడు జరగవచ్చునో రిజిస్టరులో రాయాలి. రాసిన చోట తాళం పడుతుంది.

భూలక్ష్మికి అబద్ధం రాయడం రాదు. పిల్లల ఊయల చూసి "గొలుసు తెగొచ్చు" అని రాసింది. ఊయల కట్టేశారు. గ్రంథాలయంలో ఫ్యాను చూసి "ఊడి పడొచ్చు" అంది. పాఠకుల్ని పంపేశారు. సంతలో "అరటితొక్క మీద జారొచ్చు". సంత ఎత్తేశారు. బస్టాండు ముందర చాలాసేపు ఆలోచించి, "బస్సులు వస్తాయి" అని రాసింది. దాన్ని అతి ప్రమాదకరంగా పరిగణించి తాడు కట్టేశారు. ఆఖరికి మున్సిపల్ ఆఫీసుకే వచ్చి, బీరువాల మీద కప్పు దాకా పేర్చిన ఫైళ్ళను చూసి, నిజంగానే భయపడి, "మీద పడితే మనిషి దొరకడు" అని రాసింది. సిబ్బంది సంతోషంగా తాళం వేసుకుని వెళ్ళిపోయారు. ఆఫీసు మూసి నాలుగు రోజులైనా ఊళ్ళో ఎవరికీ ఆ సంగతి తెలియలేదు.

వరిగేడుకు భద్రతలో రాష్ట్రంలోనే మొదటి స్థానం వచ్చింది. ఇంట్లో మాత్రం కూతురు తల్లితో మాట్లాడడం మానేసింది.

పరుగు పరీక్షకు వారం ఉందనగా, కంచంలో అన్నం కెలుకుతూ నీలిమ నోరు విప్పింది.

"ఊరంతా తిరిగి ఏమేం జరగొచ్చో రాశావు కదమ్మా. మీ అమ్మాయి ఫెయిలవ్వొచ్చని ఎక్కడైనా రాశావా?"

"అంత మాట అనకే తల్లీ!"

"అనకపోతే అవ్వదా? ఇరవై రోజులైంది పరిగెత్తి. మంచం చుట్టూ పరిగెడుతున్నాను. ఇలాగే పోతే అక్కడ రెండో చుట్టుకే కూలబడతాను."

"పార్కులో నిన్నది పొడిస్తే?"

"పొడిస్తే పొడుస్తుంది! రేపు ఉద్యోగమొచ్చాక దొంగ నన్ను పొడవడని సంతకం పెట్టించుకుంటావా?"

భూలక్ష్మి చేతిలో గరిట ఆగిపోయింది. దొంగల సంగతి అంతదాకా ఆవిడకు తట్టనే లేదు. గోడకు ఆనుకుని కూర్చున్న వీరాస్వామి నెమ్మదిగా అన్నాడు. "నీ భయానికి మంచి పేరొచ్చింది గాని భూలచ్చిమీ, పిల్లకి కాళ్ళు పోయాయి."

మర్నాడు అయిదింటికి భూలక్ష్మి కొలను గట్టున నిలబడింది. పక్కన నీలిమ బూట్ల తాళ్ళు బిగించుకుంటోంది. హంస తెల్ల తామరలాగానే ఉంది. భూలక్ష్మి రిజిస్టరు తెరిచి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఇలవేల్పును తలుచుకుని, మొదటి గడిలో "శాంతము" అని రాసి సంతకం పెట్టింది. ఉత్తర్వు ప్రకారం గేటు కూడా బార్లా తెరిచింది. ఇరవై రోజులుగా బయట తచ్చాడుతున్న వాకింగు జనం లోపలికి వచ్చి గట్టున నిలబడ్డారు. ఎవరూ నడవలేదు. ముందు ఎవర్ని పొడుస్తుందో చూద్దామని ఆగారు.

నీలిమ పరుగు మొదలుపెట్టింది. సగం చుట్టు దాకా హంస కదల్లేదు. భూలక్ష్మి అప్పుడే ఊపిరి వదలబోయింది. హంస మెడ సాచింది.

నీళ్ళ మీద టపటపా రెక్కలు కొట్టుకుంటూ వచ్చి, గట్టెక్కి, పాములా బుసకొడుతూ నీలిమ మడమల వెంట పడింది. నీలిమ ఒక్క కేక పెట్టి దౌడు తీసింది. యాభై గజాలు తరిమి హంస నీళ్ళలోకి దిగిపోయింది. గండం గడిచిందనుకుంటే, కొలను అడ్డంగా ఈది అవతలి గట్టున తయారైంది. అక్కడ తరమలేదు. ఊరికే చూసి ఈకలు దువ్వుకుంది. మూడో చుట్టులో గన్నేరు పొద చాటునుంచి వచ్చింది. అది ఎక్కడ వస్తుందో తెలిస్తే అక్కడే పరిగెత్తేది ఆ పిల్ల. తెలియదు కనుక చుట్టంతా పరిగెత్తింది. వెనకాల భూలక్ష్మి చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, చీపురు పట్టుకుని, "ఒసే, దాని కళ్ళలోకి చూడకే! ఓలమ్మో, నా సంతకం!" అని అరుస్తూ అడ్డదిడ్డంగా పరిగెత్తింది.

నాలుగో చుట్టు ముగిసేసరికి నీలిమ గడ్డిలో వెల్లకిలా పడి వాచీ చూసుకుంది. పది నిముషాల పన్నెండు సెకన్లు. పడుకునే నవ్వడం మొదలెట్టింది.

భూలక్ష్మి నవ్వలేదు. గేటు దగ్గర కమిషనర్ గారూ శేషావతారం గారూ నిలబడి ఉన్నారు. గేటు తెరిచారన్న వార్త అంత పొద్దున్నే ఎవరో చేరవేశారు.

"ఇదేమిటమ్మా?" పరాంకుశం గారు రిజిస్టరు వేలితో తట్టారు. "ఇక్కడ శాంతము అని ఉన్నది. అక్కడ తరుముట సంభవించినది. దస్తావేజుకీ వాస్తవానికీ ఇంత వ్యత్యాసమా?"

భూలక్ష్మికి జైలు తలుపులు కనిపించాయి. అయినా నోటికొచ్చింది అనేసింది. "అది కోపం కాదండి బాబూ. పిల్ల నెమ్మదిగా పోతందని అదిలించిందండి. నేను రోజూ బడికి తరిమానా, అలాగన్నమాట. ఆయ్."

శేషావతారం గారు చటుక్కున జేబులోంచి ఆనందం పోటీ కాగితం తీశారు. "సార్, క్రీడా ప్రోత్సాహం పద్దు కింద పదిహేను మార్కులు ఖాళీగా ఉన్నాయి. శిక్షకుడు ఉండాలన్నారు గాని మనిషే అయ్యుండాలని ఎక్కడా అనలేదు."

పరాంకుశం గారు కొలను వైపు చాలాసేపు చూశారు. "శిక్షకులు ఎందరని చూపిద్దాం?"

"ఇద్దరు సార్. ఇవాళ మబ్బు లేదు."

హంసను గౌరవ పరుగు శిక్షకునిగా నియమిస్తూ ఆ రోజే ఉత్తర్వు వెలువడింది. పరీక్షకు వెళ్ళే ఆడపిల్లలు ఇంకో అయిదుగురు ఊళ్ళో ఉంటే వాళ్ళనూ పిలిపించారు. మర్నాడు ఫొటోగ్రాఫరు వచ్చాడు, పిల్లలు వరసలో నిలబడ్డారు, కమిషనర్ గారు ఈల ఊదారు. శిక్షకుడు మెడ రెక్కలో దూర్చుకుని నిద్రపోయాడు. తుమ్మారు, గొడుగులు విప్పారు, శేషావతారం గారు తన కండువాయే ఊపి చూపించారు. కన్ను తెరవలేదు. "ఆకస్మిక సెలవు" అని రిజిస్టరులో రాసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళ జీపు మలుపు తిరగ్గానే అది లేచి ఆరుగురినీ తరిమింది. ఆ వారమంతా అంతే. ఒకరోజు తరిమేది, రెండు రోజులు పడుకునేది. పిల్లలు మాత్రం రోజూ ప్రాణాలరచేత పెట్టుకుని పరిగెత్తేవాళ్ళు.

పరీక్ష జిల్లా పోలీసు గ్రౌండులో జరిగింది. భూలక్ష్మి కంచె బయట నిలబడి వడదెబ్బ, బెణుకు, గుండెపోటు అన్నీ ఒకసారి తలుచుకుంది. మూడు చుట్లు బాగానే వెళ్ళాయి. నాలుగో చుట్టులో నీలిమ కాళ్ళు బరువెక్కాయి. తల వాలింది. వరిగేడు పిల్లలు మిగతా అయిదుగురూ అంతకంటే వెనకబడ్డారు. అక్కడ కొలను లేదు, గన్నేరు పొద లేదు, తెల్లగా ఏదీ కదలడం లేదు. జీవితంలో మొదటిసారి భూలక్ష్మికి చెడ్డది ఏదీ కనిపించకపోవడమే పెద్ద ప్రమాదంగా తోచింది.

కంచె పట్టుకుని, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

"నీలిమా! వెనకాల! వచ్చేత్తంది!"

ఆరుగురు ఆడపిల్లలు వెనక్కి చూడకుండా బాణాల్లా దూసుకుపోయారు. ఏమొస్తోందో తెలియకపోయినా మిగతా ఊళ్ళ పిల్లలు కూడా కంగారుపడి వేగం పెంచారు. గడియారం పట్టుకున్న ఇన్‌స్పెక్టరు గారు వెనక్కి తిరిగి చూశారు. ఏమీ కనిపించలేదు. అయినా ఆయన రెండడుగులు పక్కకు జరిగారు.

నీలిమకు పది నిముషాల ఇరవై ఒక్క సెకన్లు. వరిగేడు పిల్లలు ఆరుగురూ నెగ్గారు.

ఆనందం పోటీలో వరిగేడు ఏమైందంటే, ఫలితాల తనిఖీ నాడు మబ్బు పట్టింది. జంట తగ్గింది, పదిహేను మార్కులు పోయాయి. కమిషనర్ గారు చిన్నబుచ్చుకుని తాళాలన్నీ తీయించేశారు. గ్రంథాలయం తెరుచుకుంది. ఊయల విప్పారు. ఫ్యాను ఇంకా ఊడలేదు. భూలక్ష్మి అడిగిన నాలుగో గడికి కూడా అప్పుడే అనుమతి వచ్చింది. శాంతము, మధ్యస్థము, ఉగ్రము, చెప్పలేము. అది చూసి మిగతా విభాగాల వాళ్ళంతా తమ రిజిస్టర్లలోనూ ఆ గడి కొట్టించుకున్నారు. కుళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయో, రోడ్డు ఎప్పుడు పడుతుందో, కమిషనర్ గారు సీట్లో ఎప్పుడుంటారో ఇప్పుడు వరిగేడులో దాపరికం లేకుండా రాసి ఉంటుంది. ఆఫీసు నిజం చెబుతోందని జనం సంతోషించారు.

శిక్షణకు వెళ్ళేముందు నీలిమ పార్కుకు వచ్చి, హంసకు దూరంనుంచే దణ్ణం పెట్టింది. భూలక్ష్మి రిజిస్టరులో "ఇప్పటికి శాంతము" అని రాసి, గేటు బార్లా తెరిచింది. కూతురి సంచి భుజాన వేసుకుని బస్టాండు దాకా నడిచింది. బస్సు ఎక్కించి, కిటికీ దగ్గరకు వచ్చింది.

"ఇంక భయం లేదు కదమ్మా?" అంది నీలిమ నవ్వుతూ.

"నాకేం భయమే? ఉద్యోగం వచ్చింది, చాలు." బస్సు కదిలింది. భూలక్ష్మి నాలుగడుగులు వెంట నడిచింది, తరవాత పరిగెత్తింది.

"ఒసే నీలిమా! ఆ దొంగలు పరిగెడతారు కదే? నువ్వు మరీ దగ్గరికెళ్ళి పట్టుకోకు!"